పదమూడు అంచుల పలక

ఈ మార్చిలో మీటరూ ఎనభై.
పోయిన సెప్టెంబరులో నలభై సెంటీమీటర్లే.
విథర్న్‌సీకి దక్షిణాన, చివరి కారవాన్ దాటాక
నూట ఏడో గుర్తుకర్ర దగ్గర
టేపు పట్టుకుని ఒంగి ఉంటాను.
గాలి నా అంకెని నోట్లోంచే లాక్కుపోతే
రెండోసారి గట్టిగా అనుకుని రాసుకుంటాను.

కర్రకి అవతల డెస్మండ్ గార్బట్ పెరడు.
పెరడు అనడం అలవాటు కొద్దీ.
కాస్త రూబార్బ్ మడి, సగం బట్టల తీగ;
రెండో స్తంభం డిసెంబరులో
గట్టుతో పాటే కిందికి దిగిపోయింది.

ఆయన వంటింట్లో మోకాళ్ళ మీద ఉన్నాడు.
"బూట్లు విప్పి రా, సిమెంటు పచ్చిగా ఉంది."
నేలంతా పదమూడు అంచుల పలకలు,
కొన్ని టోపీల్లా, కొన్ని నలిగిన చొక్కాల్లా.
చూపు తేడా అంతే, అన్నీ ఒకటే ఆకారం.
ఎంత దూరం పరిచినా సందు మిగలదు,
వేసిన వరస మళ్ళీ రాదు.
గణితం వాళ్ళు దశాబ్దాల పాటు వెతికారట
ఇలాంటిది ఉంటుందా అని.
చివరికి ఇదే తీరాన, ఉత్తరంగా,
కాగితమూ కత్తెరా పట్టుకుని కూర్చున్న చేతికి దొరికింది.
ఈ మాట చెప్పినప్పుడల్లా డెస్మండ్ చెవులు ఎర్రబడతాయి,
తనే పట్టుబడినట్టు.

ఎనిమిదింట్లో ఇంచుమించు ఒకటి అద్దంలో బొమ్మ.
వాటిని విడిగా కాల్పించి నీలం పూయించాడు.

మా వైపు మెలికల ముగ్గులో
నాలుగు చుక్కలు చూస్తే నలభై తెలిసిపోతాయి.
దీంట్లో అలా కుదరదు,
ఈ మూల చూసి ఆ మూల చెప్పలేం.
సముద్రం కూడా అంతే కదా, అన్నాను.
"సముద్రం సంగతి తర్వాత, ఆ తాపీ ఇటివ్వు."

బల్ల దగ్గర ఫోలాకే, హల్ నుంచి వచ్చిన పరిశోధకురాలు.
మూడో కప్పు టీ, పదహారో ప్రశ్న.
"ఇల్లు పోతుందన్న ఆందోళన,
ఒకటి నుంచి ఐదులో ఎంత?"
"ఏ పూట?" అన్నాడు తలెత్తకుండా.
ఆమె పెన్ను గళ్ళ మీద గాల్లోనే ఆగింది.
తర్వాత అంచు ఖాళీలో ఏదో రాసింది.
తొంగి చూశాను. "ఏ పూట" అనే రాసింది.
పాత నివేదికల్లో ఇలాంటి వాళ్ళని
"కదలడానికి ఒప్పుకోని వర్గం" అన్నారు.
ఆ మాట తను వాడదట.
బదులు మాట ఇంకా దొరకలేదట.

ఫ్రిజ్ మీద రేడియోలో ఎవరో గడియారాల గురించి.
మిల్లీమీటరు ఎత్తు తేడా ఉన్నా
పైన కాలం రవ్వంత జోరుగా నడుస్తుందనీ
ఇప్పుడది కొలిచేశారనీ.
మేమున్నది పదిహేను మీటర్ల మట్టిగట్టు మీద.
కరెంటు బిల్లు కవరు వెనక లెక్క కట్టాను.
డెస్మండ్ ఇక్కడున్న ముప్ఫయ్యొక్క ఏళ్ళలో
కింది ఇసుక కంటే ఆయన ముందున్నది
సెకనుని పది లక్షల ముక్కలు చేస్తే
అందులో ఒకటిన్నర.
"దాంతో ఓ పలక అతికించుకోవచ్చా?" అన్నాడు.
ఫోలాకే నవ్వుతూ టీ ఒలకబోసుకుంది.

మా ఉప్పాడలో ఎవరూ టేపు పట్టలేదు.
చుట్టం వస్తే చాప జరిపినట్టు
వెనక్కి జరిగేవాళ్ళం, పొయ్యి రాళ్ళతో సహా.
కొలవడం ఇక్కడికొచ్చి నేర్చుకున్నాను.
కొలిస్తే ఆగుతుందని కాదు.

కర్ర నుంచి గోడకి పదకొండు మీటర్లా నలభై.
నా పటం చెప్పేది ఆరేళ్ళు,
రెండేళ్ళు అటూ ఇటూ.
ఆయన అడగడు, నేను చెప్పను,
ఇద్దరికీ తెలుసు.

సముద్రం వైపు గుమ్మం దగ్గర పలకలు పట్టలేదు.
కోయమంటే ఒప్పుకోడు.
"అంచు కోస్తే అది పదమూడుది కాదు, ఇంకేదో."
అందుకని గడప మీదుగా అలాగే వదిలేశాడు,
పళ్ళు పళ్ళుగా, బయటికి పొడుచుకొచ్చినట్టు.
మిగతావి ఎండ కాశాక బయట వేస్తాడట.

వాటిని తొక్కకుండా అంగ వేసి
మెట్టు మీద కూర్చుని బూట్లు తొడుక్కున్నాను.
ఇంకా నూట ఎనిమిదో కర్ర ఉంది.