తొంభై సెకన్లు

కోట్కా రేవులో మంచు ఇంకా విరగలేదు.
వర్క్‌షాపు తలుపు భుజంతో నెట్టుకుని
ఔలిక్కి లోపలికొచ్చింది
చంకలో ఒక చెక్కతో.

చేపల షెడ్డులో ముప్పై ఒక్క ఏళ్ళు
ఆవిడ కత్తి కింద పడుకున్న చెక్క.
షెడ్డు మూసేసిన రోజు
మిగతావాళ్ళు గడియారమో కుర్చీయో అడిగితే
తను దీన్ని అడిగిందట.
వేడి తగిలితే ఇప్పటికీ ఉప్పు వాసన.

"దీన్ని అచ్చు వెయ్యాలి" అంది.
ఫొటో తీసి కంప్యూటర్లో శుభ్రం చేస్తానన్నాను.
నా మాట ఆవిడ చెవిదాకా వెళ్ళి
వెనక్కి తిరిగొచ్చింది.

చెక్క మీద పల్చటి ఫిల్ము పరిచి
నల్ల మైనపు కడ్డీ అడ్డంగా పట్టి
రుద్దుతూ పోయింది.
ముందు ఉత్త మసక.
తర్వాత నలుపులోంచి తెల్లగా
ఒక్కొక్క గాటే పైకి తేలింది:
తలలు తెగిన చోట లోతుగా, దగ్గర దగ్గరగా,
పొట్టలు చీల్చిన చోట వెంట్రుకవాసి,
ఒక మూల, ఎందుకో, ఎవరిదో పొడి అక్షరం.
అది ఎవరిదని నేనడగలేదు.

చివర్లో కుంచె తీసుకుంది.
సిరా ముంచి ఈ అంచు నుంచి ఆ అంచుకి
ఒకే గీత.
చెయ్యి వణికింది. గీతా వణికింది.
స్కేలు అందించబోయాను.
"సముద్రం అంచుకి ఎప్పుడైనా
స్కేలు పెట్టి చూశావా?"

పసుపు దీపం గదిలో
ఎమల్షన్ పూసి ఆరబెట్టిన తెర.
వెలుగు తగిలిన చోట గట్టిపడి మూసుకుంటుంది,
నలుపు అడ్డున్న చోట నీళ్ళకి కరిగి దారిస్తుంది.
పాతికేళ్ళుగా చేస్తున్నా
ఈ తిరకాసు నాకింకా పూర్తిగా అలవాటు కాలేదు.

మామూలుగా నూట నలభై సెకన్లు.
అంతసేపుంచితే మైనపు మసకల్ని వెలుగు తినేస్తుంది.
తొంభై పెట్టాను.
పెట్టెలో చేపలు వేస్తున్నట్టు
అయిదేసి చొప్పున ఆవిడ లెక్కపెట్టింది.

నీళ్ళగొట్టం పట్టాను.
అన్నిటికంటే ముందు వణుకు తెరుచుకుంది.

వెండి కలిపిన బూడిద రంగు పోసి
స్క్వీజీ చేతికిస్తే
రెండు చేతులా పట్టుకుని ఒంటిమీదికి లాక్కుంది.
వింతేమిటంటే, ఆ లాగుడులో
వణుకన్నది లేదు.

అచ్చు గుద్దినట్టు అంటాం గానీ
మూడోది పల్చన, ఏడోదాంట్లో వెంట్రుక,
పదకొండోది కాస్త పక్కకి జరిగింది.
గీత మాత్రం ఇరవైలోనూ
అదే చోట వణుకుతూ
కదలకుండా నిలబడింది.

అన్నీ తిరగేసి ఆవిడ వెంట్రుకది తీసుకుంది.
షెడ్డులో వెంట్రుక కనబడితే
ఆ రోజు కూలి కోసేవాళ్ళట.

సాయంత్రం తెర కడిగాను.
రంగు పోయింది, ఎమల్షన్ పోయింది,
నేతలో సన్నటి నీడ ఉండిపోయింది.
మర్నాడు తన బ్యాండు పోస్టరు కోసం
యూసో అదే తెర అందుకుని
కిటికీకి ఎత్తిపట్టి అడిగాడు,
"ఏంటీ మరక?"

అచ్చులో పడదులే, అన్నాను.
వాడు ఇంకాసేపు
అలాగే ఎత్తిపట్టి చూశాడు.