ఆటా, పోటా?

వేగాన్ని విడదీసే పరీక్షలో
మెర్రిన్‌కి ఇరవైకి మూడు.
పడవ బొమ్మ పక్కన, జవాబు ఉండాల్సిన చోట
"ఆటా, పోటా? ముందు అది చెప్పండి" అని రాసింది.
ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను.

శనివారం పొద్దున పొల్‌రువాన్ రేవులో
పడవ నడిపే అమ్మాయి తనే.
నారింజ రంగు కోటు, గోళ్ళ సందుల్లో గ్రీసు.
"కూర్చోండి మిస్" అంది.
పరీక్ష ఊసెత్తలేదు.

నేను దిగాల్సిన ఫోయ్ మెట్లు ఎదురుగా ఉన్నాయి.
పడవ ముక్కు మాత్రం ఎగువకి,
పింగాణి మట్టి నింపుకుంటున్న ఓడ వైపు.
దారి తప్పిందేమో అని నోటిదాకా వచ్చింది.
పక్కన పాస్టీ తింటున్న ముసలాయన
తలైనా ఎత్తలేదు.

మెట్లు పక్కకి జరగడం లేదు.
ఉన్నచోటనే ఉండి
పెద్దవవుతున్నాయి, అంతే.
పడవ పీతలా నడుస్తోంది.

ఆగలేక అడిగాను, ఇంజను వేగమెంత?
"నాలుగు నాట్‌లు."
మరి నీళ్ళు?
చెయ్యి ముంచి తీసింది. "ఆటు. రెండు."

ఎదుటి భుజం రెండు, కర్ణం నాలుగు.
ముప్పైకి సైన్ అర.
ఓడ వైపు తిరిగిన ఆ ముక్కు
ముప్పై డిగ్రీల మీదే ఉంది.

తడి బెంచీ మీద వేలితో త్రిభుజం గీశాను:
ఇదిగో, ఏటికి రెండు కట్టేశాక
రేవుకి మిగిలింది మూడున్నరకి రవ్వ తక్కువ.
వంగి చూసింది. వేళ్ళు మడిచింది.
"ఉన్నవి నాలుగే కదా మిస్?
రెండూ మూడున్నరా అయిదున్నర.
మిగతాది ఎక్కడిది?"

ఏ కరణమూ ఒప్పుకోని పద్దు అది.
పదకొండేళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను,
ఒక్కరూ అడగలేదు.
వర్గాలు కలుస్తాయి గానీ వేగాలు అలా కలవవు,
అడ్డం ఖాతా నిలువు ఖాతాకి అప్పివ్వదు, అని
ఏదో మొదలుపెట్టాను.

మెట్లకి నాలుగు బారల దూరంలో
గోడ చాటున నీళ్ళు నెమ్మదించాయి.
మాట్లాడుతూ నేను చూడలేదు.
తను చూసింది.
చుక్కానిని బొటనవేలితో కాస్త వదిలింది.
ముప్పై, పదిహేను, సున్నా.
పడవ పాత టైరుని ఆనుకుని ఆగింది.

"ఇక్కడ మీ అర పనిచెయ్యదు మిస్,"
తాడు విసురుతూ అంది.

దిగి వెనక్కి చూస్తే
త్రిభుజం మీద ఎవరో సంచీ పెట్టేశారు.
సోమవారం ఆ సున్నా దిద్దాలి.
ఎన్ని మార్కులంటారా,
ఆటో పోటో చూసి చెబుతాను.