మూడే కాళ్ళు

రాత్రి తొమ్మిదిన్నరకి నెత్తి మీద డ్రిల్లు మోత.
మూడు రోజుల్నుంచీ ఇదే.
గెంట్ నగరం, నవంబరు, కాలవ మీద చినుకు,
తెల్లారుజామున నాలుగింటికి రొట్టెల బట్టీలో ఉండాలి నేను.
ఇంటి చెప్పుల్తోనే మెట్లెక్కాను, పోట్లాటకి.

తలుపు తీసింది గోడెలీవ్,
ట్రాముల డిపోలో ముప్ఫయ్యేళ్ళు వెల్డింగు చేసిన మనిషి.
జుట్టు నిండా రంపప్పొట్టు.
"మంచి వేళకొచ్చావ్, ఈ కొస పట్టుకో."
పట్టుకున్నాను.
తెచ్చుకున్న పోట్లాట ఎక్కడ పెట్టానో
ఇప్పటికీ దొరకలేదు.

సోఫా మీద బూడిదరంగు దిండనుకున్నది
చెవులెత్తింది.
ఏడున్నర కిలోలు. పేరు పోట్‌లోట్, అంటే పెన్సిల్.
తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మొండివాళ్ళు
బట్టీలో నాకు రోజూ తగుల్తారు.
దీనికి నిజంగా మూడే.
ఇంతకుముందున్న ఇంట్లో
పంజరం అడుగు తీగల్లో ఇరుక్కుని
ముందరి కుడికాలు విరిగిందట.
"అడుగున జాలీ వేసినవాణ్ణి..."
ఆమె మాట పూర్తి చెయ్యలేదు.
స్క్రూ బిగించింది.

ఆ తర్వాత నా సాయంత్రాలన్నీ ఆమెవే.
బొటనవేలంత మందం బర్చ్ ప్లైవుడ్.
మేకులు కాదు, స్క్రూలు. తలలు చెక్కలోకి దిగిపోవాలి;
వేలితో తడిమి ఊఁ అంటేనే తర్వాతది.
జాలీ పక్కలకే.
నేలకి లినోలియం, పంటికందే అంచులకి ఇనప పట్టీ.
రంగు వెయ్యనివ్వలేదు:
"కొరుకుతాడు. చెక్క తిననీ, విషమెందుకు?"
ఎత్తు కొలవడానికి పార్స్‌లీ కట్ట పైకెత్తి పట్టుకుంది,
వెనక్కాళ్ళ మీద లేచి నిలబడ్డాడు,
చెవుల కొసన గోడ మీద నేను గీత గీశాను.
పెన్సిల్ని పెన్సిల్తోనే కొలిచాం.

"మూడుకాళ్ళవాడికి మూడంతస్తులెందుకు?" అన్నాను.
"ఎక్కగలడు. దిగడమే కష్టం.
దిగేటప్పుడు ఒళ్ళంతా ఒక్క చేతి మీద."

ఏటవాలు చెక్క మూడుసార్లు కోశాం.
మొదటిదాన్ని వాసన చూసి వీపు తిప్పేశాడు.
రెండోదాని మీద సగంలో జారాడు,
ఆ రాత్రి ఆమె భోజనం చెయ్యలేదు.
మూడోది ఎంత పొడవంటే
మధ్యలో మలుపు పెట్టాల్సొచ్చింది,
మా మెట్లకున్నట్టే, ఆగి ఊపిరి తీసుకోడానికి చిన్న అరుగు.
పైన ముతక తివాచీ.

"నీ బరువెంత?"
"ఎనభై నాలుగు."
"ఎక్కు."
రెండో అంతస్తులో మోకాళ్ళు గడ్డానికానించుకుని కూర్చున్నాను.
జాలీలోంచి ఆమె వంటగది గళ్ళుగళ్ళుగా.
కెటిల్, కిటికీ, గళ్ళలో వాన.
చెక్క కిర్రుమన్లేదు.
నేనే, ఎందుకో,
తలుపు మాత్రం వెయ్యొద్దన్నాను.
ఆమె నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

మర్నాడు వెళ్ళేసరికి తలుపుకి గొళ్ళెం లేదు.
స్క్రూల కన్నాలు పొట్టు కూరి పూడ్చేసి ఉన్నాయి.

తొమ్మిది రోజులు వాడు కింద గది దాటలేదు.
పైన రెండంతస్తుల్లో ఎండుగడ్డి అలాగే.
"చెప్పానా?" అన్నాను.
"ఎక్కుతాడు."
మూడుకాళ్ళ కుందేలుకి నాలుగని వాదించే మనిషిని
మొదటిసారి చూడ్డం.

పదో రోజు చెయ్యిపట్టి లాక్కెళ్ళి చూపించింది.
పై అంతస్తులో, మూల,
శనగల్లాంటి ఐదు ఉండలు.
ఊడ్చకుండా ఉంచింది, సాక్ష్యానికి.
"నువ్వే తెచ్చి పెట్టుంటావ్" అన్నాను.

ఆ తెల్లారుజామున మూడున్నరకి
ఒక బూటు కాలికి, ఒకటి చేతిలో,
నెత్తి మీద
టప్.
కాసేపటికి, టప్ టప్.
మలుపు దగ్గర ఆగాడు.
మళ్ళీ టప్.
తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

వాడు పైన ఉన్నాడు.
ఇంక దిగాలి.
బూటు చేత్తో పట్టుకుని అలాగే మంచమ్మీద కూర్చున్నాను,
బట్టీకి వేళైపోతున్నా.