మూడు ఎపిసోడ్ల తర్వాత

మొదటిదానికి నవ్వొచ్చింది నాకు.
అంత తుఫానులోనూ ఆ పిల్ల కెప్టెన్
ఎర్రజుట్టు తడవదు,
ఓడలో ఒక్కరూ వాంతి చేసుకోరు.
తెరచాపకి వేసిన ముడి చూశావా హొనామీ,
రెండు అలలకే ఊడిపోతుంది అన్నాను.
"అత్తా, నోరు మూసుకుని చూడు" అంది.

యైజు రేవులో ముప్ఫయ్యేళ్ళు వలలు కుట్టిన వేళ్ళు
ఊరుకోవు కదా,
దుప్పటి అంచుకి సరైన ముడి వేసి చూపించాయి.

రెండోదాంట్లో కత్తులు, కేకలు, మాట్లాడే పీత.
కాస్త కునుకు తీశాను.

మూడోదాంట్లో గాలి పడిపోయింది.
అందరూ నిద్రపోయాక ఆమె
అడుగు అరలోకి దిగి
నీళ్ళ పీపాలని ఒక్కొక్కటే వేలితో తట్టింది.
డొల్ల. డొల్ల. డొల్ల.
చివరిది సగం.
పైకొచ్చి, మేలుకుని ఉన్న వంటకుర్రాడితో
"బోలెడున్నాయి, పడుకో" అంది.

ఆ గొంతు నాకు తెలుసు.
హయసే వాళ్ళ పడవ జాడ తెలియని రాత్రి
సంఘం రేడియో గదిలోంచి బయటికొచ్చి
గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్ళతో
"సిగ్నల్ అందింది, ఇళ్ళకి వెళ్ళండి" అన్నప్పుడు
నా నోట్లోంచి వచ్చింది అదే.

హొనామీ ఆవలించి లైటు తీయబోయింది.
ఉండవే,
నాలుగోది పెట్టు.
ముడి మాత్రం తప్పే.