ఉబ్బిన తలుపు

రెండు రోజులే. ప్రవేశం ఉచితం.
కోటవీధి మలుపులో గుడ్డ బ్యానరు మీద
బంగళా బొమ్మ, పక్కన లైట్‌హౌసు బొమ్మ,
కింద చందాలిచ్చినవాళ్ళ పేర్లు, వాటి కింద
ఎవరో అప్పుడే ఉమ్మేసిన కిళ్లీ.

ఉప్పుదొర బంగళా వాకిట్లో నేను:
మెడలో తాడు, తాడుకు కార్డు,
చేతిలో నాలుగు పేజీల పాఠం.
గానుగ సున్నం, బెల్లప్పాకం, కరక్కాయ నీళ్ళు,
బర్మా టేకు, మద్రాసు మిద్దె,
సముద్రం వైపు పన్నెండు కిటికీలు.
రాత్రంతా వల్లె వేశాను.

తొమ్మిదిన్నరకి నలభైమంది.
తాళం తిరిగింది. తలుపు తిరగలేదు.

అంతకుముందు వారమంతా వాయుగుండం.
సముద్రం ఊరి మీదికి రాకుండానే
ఊళ్ళోకి వచ్చేసింది,
అగ్గిపెట్టెల్లోకి, పచ్చడి మూతల్లోకి,
ఈ టేకు పలకల నరాల్లోకి.
సన్యాసాచారి వచ్చి చెవి ఆనించి విన్నాడు, డాక్టరులా.
చిత్రిక పట్టమన్నాను.
"పడితే తెరుచుకుంటాదమ్మా.
ఎండలొచ్చీసరికి బల్లి దూరినంత సందు పడతాది.
దాని మానాన దాన్నొదిలీయండి" అని
బీడీ కోసం గోడ పక్కకి పోయాడు.

పోర్టులో రిటైరైన ఇంజనీరు ఒకాయన
అందరం కలిసి తోద్దామన్నాడు.
ఒక కుర్రాడు వీడియో తీశాడు.

అప్పుడు, వెనకనుంచి:
"ఏటమ్మా, ఆ గుమ్మంకాడ నిలబడిపోనారు?
ఇటు రండి. దారి నాకు తెల్సు."

తెడ్డు ఎల్లాజమ్మ. నెత్తిమీద తట్ట లేదు,
ఉన్నట్టే నిటారుగా ఉంది మెడ.

సందులోకి. హుద్‌హుద్ విరిచిన కొబ్బరిమోడు పక్కనుంచి,
ఎండిన నూతి చుట్టూ తిరిగి, వంటింటి తలుపు.
నలభైమందిమీ ఒక్కొక్కరం వంగాం,
ఇంజనీరుతో సహా.

నా పాఠం ముందునుంచి వెనక్కి రాసుంది.
మొదటి పేజీ హాలు. చివరి పేజీ "ఇతర గదులు".
ఇతర గదుల దగ్గరే మొదలెట్టింది ఆమె.

"ఇదుగో, ఈ రాయి."
మెట్టు అంచున, చెంచాతో తోడినట్టు చిన్న గుంట.
"మా అత్త కత్తి నూరింది, తరవాత నేను.
కోనాం అయితే ఇక్కడ కోసీదాన్ని, కవళ్ళయితే అక్కడ.
నీసు వాసన మేడెక్కకూడదని రూలు.
గాలికేటి తెల్సు రూలు?
నాలుగయ్యీసరికి తిన్నగా పైకే."

ఇది ఏ శైలి కట్టడమని ఎవరో అడిగారు.
నేను నోరు తెరిచేలోగా
"గట్టి కట్టడం," అంది ఎల్లాజమ్మ.

నవ్వుకుని, పాఠం మడిచి సంచిలో పెట్టాను.
మళ్ళీ తీశాను. బెల్లప్పాకం సంగతి చెప్పాలి కదా.
చెప్పాను. ఒక చిన్నపిల్ల గోడని నాకింది.
"ఉప్పగా ఉంది," అంది.

గది గదికీ ఎల్లాజమ్మ నడక నెమ్మదించింది.
మూడో గడప తర్వాత మాట ఆగింది.
అక్కణ్ణించి నేను ముందు, ఆమె వెనక,
చెప్పులు చేత్తో పట్టుకుని.
ముప్ఫయ్యారేళ్ళు చేపలిచ్చిన ఇంట్లో
హాలు ఆమెకీ కొత్తే.

కిటికీలు తెరిచాం. హార్బరు కాలవలో
ఎర్రటి ఓడ ఒకటి, కొండముక్కు నీడలోంచి వచ్చి
ఒక్కో కిటికీ దాటుతోంది.
పిల్లలు పైకే లెక్కపెడుతున్నారు.
ఓడ ఎనిమిదో కిటికీలో ఉండగా చూశాను ఆమెను:
తెరుచుకోని తలుపు ముందు, లోపలివైపు,
ఇత్తడి గడియ మీద చెయ్యేసి.
"ఇటునుంచి ఇలాగుంటాదా," అంది,
ఎవరితోనూ కాదు.
తోయలేదు, లాగలేదు.
చిలుము కొంగుతో ఒకసారి తుడిచి వదిలేసింది.

ఆదివారం సాయంత్రం బ్యానరు దింపారు.
వచ్చినవాళ్ళు ఆరువందల పదకొండు అని రాశాను.
ప్రవేశ మార్గం అన్నచోట వంటింటి గుమ్మం అని రాశాను,
పై ఆఫీసులో కొట్టేస్తారనుకోండి.

మంగళవారం ఎండ కాసింది.
తిప్పిన తాళం తిప్పినట్టే ఉండిపోయిందేమో,
మధ్యాహ్నం రెండున్నరకి, ఎవ్వరూ లేనప్పుడు,
చిన్న మూలుగుతో తలుపు దానంతటదే తెరుచుకుందట.
వాచ్‌మాన్ చెప్పాడు.
మెట్లమీద పడుకున్న పిల్లి లేచి,
లోపలికి కాసేపు చూసి,
సందు చుట్టూ తిరిగి
వెనక గుమ్మంలోంచి వెళ్ళిందట.