బారకో ముడి

తవుడమ్మ నా బోరు గొట్టంలోకి తాడు దించుతోంది.
చివర ట్రాక్టరు నట్టు. బారకో ముడి.
అయిదో ముడికి పసుపు గుడ్డ పీలిక,
పదో ముడికి ఎర్రది.
ఆ కింద ఏమీ కట్టలేదు,
అంతకన్నా లోతు అక్కర పడదనుకుంది, కట్టిన రోజున.

నేను మోటారు పెట్టె మీద కూచుని చూస్తున్నాను.
లావేరు మెట్ట మీద, ఈ ఎర్ర గరువులో
ఎండాకాలం కూడా పచ్చగా ఉండేవి నా రెండెకరాలే.
బస్సులో పోయేవాళ్ళు కిటికీలోంచి చూసేవారు.
వాళ్ళు చూస్తున్నారా లేదా అని నేను చూసేవాణ్ణి.

"మాటాడకు బావూ, సప్పుడు ఇనాల."
గొట్టానికి చెవి ఆనించింది.
బడి ఎగ్గొట్టిన ఇద్దరు గుంటలు, ఒక కుక్క, నేను,
అందరం ఊపిరి బిగబట్టాం.
నట్టు నీటిని తాకే చప్పుడు చాలా చిన్నది,
పాలపన్ను ఊడి పళ్ళెంలో పడ్డట్టు.

పధ్నాలుగు.
రేషను డిపో గోడ మీద బొగ్గుతో రాసింది
వినాయక చవితి నాటి ఏడు పక్కన,
నాగుల చవితి నాటి తొమ్మిది పక్కన.
అంకె పెరిగితే నీరు తగ్గినట్టు.
మా ఊళ్ళో తలకిందులుగా నడిచే లెక్క అదొక్కటే కాదు గాని
గోడకెక్కింది మాత్రం అదొక్కటే.

ఆ రాత్రి డిపో అరుగు మీద
నిండు బిందె పెట్టి, చెంబు చేతికి తీసుకుంది.
"ఊళ్ళో బోర్లు పందొమ్మిది.
దాళవా వరి ఏస్తానన్నోళ్ళ పేర్లు సెప్పండి,
పేరుకో సెంబు తీస్తాను."
మొదటి పేరు నాది.
ఆరో పేరుకి చెంబు బిందె అడుగున గీసుకుంది.
మిగిలిన పదమూడు మందికీ
ఆ గీత చప్పుడే దక్కింది.

"బోరు నాది, మోటారు నాది, అప్పు నాది" అన్నాను.
"నీదే బావూ. కాదన్నానేటి?
నీ గట్టు ఎక్కడుందో కింద నీటికి తెలుసునేటి?"

ఒప్పుకున్నానని చెప్పను.
అన్నం తినకుండా పొలానికి పోయి
కోపంతో స్విచ్చి వేశాను.
రెండు గంటలకి గొట్టం దగ్గింది.
ముందు ఎర్ర నీళ్ళు, తరవాత బురద,
తరవాత గాలి.
చీకట్లో నా మడికి నా బోరు
గాలి పెడుతూ నిలబడింది.
ఎవరికీ చెప్పలేదు.
పౌర్ణమికి తవుడమ్మ తాడు చూసి, నన్ను చూసి,
అంకె రాసి ఊరుకుంది.

ఆ తరవాత జరిగినవి పెద్ద సంగతులేం కావు.
ఏడు బోర్లకి ఒకే పైపు. నా గట్టు కిందనుంచే పోయింది,
తవ్వుతుంటే పలుగు నా కాలివేలికే తగిలింది.
వాలుకి అడ్డంగా కందకాలు.
నా పొలం మూల ఒక నీటి గుంట,
అందులో పడి పంచిరెడ్డి వాళ్ళ మేక చస్తే
మూడు రోజులు తగువు.
దాళవా లేదు. చోడి, గంటె, గట్ల మీద కంది.
పదేళ్ళ తరవాత మా ఆవిడ చోడంబలి కాస్తే
మొదటి గుక్క గొంతు దిగలేదు.

ఈ ఏడు మఖ వరుపు, పుబ్బ వరుపు.
చోడి ఆకులు దారాల్లా చుట్టుకున్నాయి.
పైపులోంచి మడికి ఒక్క తడి.
రెండోది అడగకూడదని ముందే రాసుకున్నాం,
అయినా అడిగాను.
లేదన్నారు.
వేలెడు రావలసిన వెన్ను అరవేలు వచ్చింది.
తిండికి సరి. అప్పు అలాగే ఉంది.
కూలికి రైలెక్కినవి నిరుడు పదకొండిళ్ళు,
ఈసారి నాలుగు.

తవుడమ్మకి చెవి మందగించింది.
తాడు నా చేతిలో పెట్టి
మోటారు పెట్టె మీద ఆవిడ కూచుంది.
ఇప్పుడు గొట్టం మీద నా చెవి.
లోపల చల్లగా, ఇనుప వాసన.
ఎర్ర పీలిక దాటింది.
పదకొండు.
పన్నెండు దగ్గర నట్టు తాకిందో
నా గుండే కొట్టుకుందో.

"ఎంత?" అంది.
"ఉండు పిన్నీ,
ఇంకోసారి దించుతాను."