గురువారానికి రెండు గడులు

నలభై టన్నుల పెట్టెను
అరవై అడుగుల ఎత్తు నుంచి
ఓడ కడుపులోకి
గుడ్డు దించినట్టు దించుతాను.
ముప్పై ఒక్క ఏళ్లుగా లియెపాయా రేవులో
ఈ ఎడమచేతి మీద
ఎవరూ ఒక్క ఫిర్యాదు రాయలేదు.

అదే చెయ్యి
ఇంట్లో ఒక తెల్ల మీట ముందు
దొరికిపోయిన దొంగలా వణుకుతుంది.
అక్కడిదీ మీటే, ఇక్కడిదీ మీటే,
ఇది మాత్రం నా మాట వినదు.
నాలుగో వేలును లేవమంటే
చిటికెన వేలును వెంటబెట్టుకుని మరీ లేస్తుంది,
చీకట్లో ఒంటరిగా వెళ్లలేని పిల్లలా.

మూతబడిన ఒక చిన్నపిల్లల బడి నుంచి కొన్నాను పియానోని.
దాని ధర కంటే
నాలుగంతస్తులు మోసినవాళ్ల కూలి ఎక్కువ.
సముద్రపు తేమకు
కింది వరసలో ఒక మీట నొక్కితే లేవదు.
గోటితో లేపుకుంటూ వాయిస్తాను.

సెప్టెంబరులో నోటుబుక్కులో రాసుకున్నాను:
'క్రిస్మస్ కల్లా వాల్ట్జ్ మొత్తం.'
కింద రెండు గీతలు కూడా గీశాను.
స్కైద్రీతె గారు కళ్లజోడు సర్దుకుని చదివారు.
"క్రిస్మస్ దాని పాటికి అది వస్తుంది,
మీ వేళ్లను అడిగి రాదు" అని
ఆ వాక్యం కొట్టేసి, పెన్సిల్‌తో రాశారు:
'గురువారానికి రెండు గడులు. ఎడమచెయ్యి ఒక్కటే.'

రెండు గడులు. ఏడంటే ఏడు స్వరాలు!
ట్రామ్‌లో ఇంటికొస్తూ లెక్కవేశాను,
ఈ లెక్కన ఎప్పటికి తెములుతుందో.
రేవులో లెక్క తప్పని మనిషిని.
రెండు స్టాపుల తర్వాత లెక్క ఆపేశాను.

సోమవారం: ఇరవై నిమిషాలు. తప్పులు పదకొండు.
మంగళవారం: పెనుగాలి, రెండు షిఫ్టులు.
మీటల మీద చెయ్యి పెట్టుకునే నిద్రపోయాను.
బుధవారం: తప్పులు పన్నెండు.
సోమవారం కంటే ఒకటి ఎక్కువ.
ఎవరికి చెప్పుకోను ఈ అభివృద్ధి?

"తొందరగా వాయిస్తున్నారు" అన్నారావిడ.
"వేళ్లకు తప్పూ ఒప్పూ తెలియవు,
ఏది ఎక్కువసార్లు చేస్తే అదే నిజమనుకుంటాయి.
అయినా, మొదటిరోజే మిమ్మల్ని ఓడ మీదికి పంపారా?"

లేదు.
ఫోర్‌మన్ వియెస్తుర్స్ ఖాళీ కొక్కేనికి
నిండా నీళ్లున్న బకెట్ తగిలించి
నేల మీద సుద్దతో గుండ్రం గీశాడు.
చుక్క తొణక్కుండా అందులో దించాలి.
ఆరు వారాలు బకెట్టే.
ఇరవై రెండేళ్ల పొగరు నాది,
రోజూ బూట్లు తడుపుకుని ఇంటికెళ్లేవాణ్ణి.
ఎలా మర్చిపోయానో ఆ బకెట్‌ని.

ఆ రాత్రి మెట్రోనోమ్‌ని యాభైకి దించాను.
ముసలివాడు మెట్లెక్కే వేగం.
తప్పు లేకుండా వరసగా అయిదుసార్లు వస్తేనే
రెండు గీతలు పైకి.
నాలుగోసారి దాకా వచ్చి అయిదోసారి జారితే
మళ్లీ ఒకటి నుంచి.
చేతులకు అంటిన గ్రీజు వదిలించుకోవడం,
పొయ్యి మీద సూపు పెట్టడం,
అది మరిగేదాకా రెండు గడులు.
చాలాసార్లు సూపు మాడింది.

కింది వాటా వెల్తా
చీపురుకర్రతో పైకప్పు పొడిచేది.
ఫిబ్రవరిలో మానేసింది.
నేను బాగుపడ్డానో,
ఆవిడకి చెవుడు ముదిరిందో, అడగలేదు.

ఏప్రిల్‌లో ఒక గురువారం,
పదిహేడో గడి, పద్దెనిమిదో గడి.
నాలుగో వేలు లేచింది.
చిటికెన వేలు పడుకునే ఉంది.
ఒక్క స్వరం,
పెట్టె ఓడ అడుగును తాకినా
లోపలి గాజుసామానుకు తెలియనంత మెత్తగా.
నేను ఆవిడ వైపు చూశాను.
ఆవిడ పెన్సిల్ వైపు చూసుకున్నారు.
'పంతొమ్మిది, ఇరవై' అని రాసి
టీ చల్లారిపోతోందన్నారు.

క్రిస్మస్ వచ్చింది, పోయింది.
వాల్ట్జ్ ఇంకా సగం కూడా కాలేదు.
కొట్టేసిన ఆ వాక్యం మాత్రం
గీత కింద నుంచి ఇప్పటికీ చదవొస్తుంది.
ఈమధ్య దానికేసి చూడటం లేదు.

ఈరోజు వాన.
కింది వరసలో మీట మళ్లీ అంటుకుంది.
రేపు బుధవారం.
ఎడమచేతి బొటనవేలి గోరు
కొంచెం పెరగనివ్వాలి.